పోర్చుగీసు–స్వీడిష్ వాట్సాప్ మెసేజీలు: మాట మధ్యలో ఎక్కడ జారిపోతోంది?

గెలాక్సీ_లోడింగ్, చీమకుర్తి

నమస్తే అండీ. మా యార్డు నుంచి గ్రానైట్ బ్లాకులు పోర్చుగల్‌కి పోతాయి. అక్కడ పలకలుగా కోసి పాలిష్ పట్టి, స్వీడన్‌లో కిచెన్ ప్లాట్‌ఫారాలు చేసే షాపుకి పంపుతారు. ముగ్గురికీ కలిపి ఒకటే వాట్సాప్ గ్రూపు. పోర్చుగల్ ఫోర్‌మన్ తన భాషలో రాస్తాడు, స్వీడన్ ఆయన తన భాషలో రాస్తాడు. ఒకరి మెసేజి ఇంకొకరి భాషలోకి మార్చి పెట్టే పని మా ఆఫీసు మీద పడింది. ఫోన్లో ఉన్న అనువాద యాప్‌లో వేసి పంపుతున్నాం. రోజుకు ఇరవై ముప్పై ఉంటాయి. (ఇక్కడ వాటి మాటల్ని పలికే తీరులో కాక, స్పెల్లింగు ప్రకారం తెలుగులో రాస్తున్నా.)

తేడా వచ్చినవి మూడు. స్వీడన్ ఆయన లారీని "హాల్వ్ త్రే"కి రమ్మంటే అవతలికి మూడున్నర అని పోయింది. పోర్చుగల్ నుంచి "పోదె సేర్" అని జవాబొస్తే ఇవతల "కావచ్చు" అని పడింది. ఇంకా ఖాయం కాలేదనుకుని ఆయన ఆ టైము వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. "తెమ్ రిస్కో" అన్నది "రిస్క్ ఉంది" అని పోయింది. ఫొటో తెప్పించి చూస్తే పలక మీద గీత.

యాప్ మార్చాలా, పద్ధతి మార్చాలా?

కందుకూరు_నోట్స్

పద్ధతే మార్చండి. యాప్ మార్చినా ఈ మూడూ మళ్ళీ వస్తాయి.

చాలా యాప్‌లు పోర్చుగీసు నుంచి స్వీడిష్‌కి నేరుగా పోవు, మధ్యలో ఇంగ్లీషు మీదుగా పోతాయి. అక్కడే జారేది. స్వీడిష్‌లో హాల్వ్ అంటే సగం, త్రే అంటే మూడు. మూడో గంట సగం నిండింది, అంటే రెండున్నర. దాన్ని ఇంగ్లీషులోకి ముక్కకు ముక్క తెస్తే "హాఫ్ త్రీ". బ్రిటన్ వాళ్ళ వాడుకలో అది మూడున్నర. పోర్చుగీసు దాకా వచ్చేసరికి "త్రెస్ ఎ మేయా", మూడూ సగమూ. గంట తేడా పడిపోయింది. రెండు దేశాల్లోనూ 24 గంటల లెక్క అలవాటే కాబట్టి టైము మాటల్లో పంపకండి, 14:30 అని అంకెల్లో రాయండి. పక్కన ఏ ఊరి టైమో కూడా ఉండాలి, ఎందుకంటే పోర్చుగల్ ఏడాది పొడుగునా స్వీడన్ కంటే గంట వెనక. మన టైముతో చూస్తే స్వీడన్ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. పోర్చుగల్ వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర.

"పోదె సేర్" సంగతి వేరు. అక్షరార్థం "అయి ఉండవచ్చు" అనే. కానీ "మూడింటికి పెట్టుకుందామా?" అన్నదానికి జవాబుగా వస్తే అది "సరే, అలాగే కానీండి". స్వీడిష్‌లో దానికి "దెత్ గోర్ బ్రా" అని రాయాలి. "కన్‌స్కె" అని రాస్తే "ఏమో" అన్నట్టు. పోర్చుగీసు వాళ్ళ ఒప్పుకోలు ఇంత మెత్తగా కూడా ఉంటుంది, అందుకే మీరు జవాబుతో పాటు దాని ముందున్న ప్రశ్న కూడా చదివి అనువదించాలి. ఒంటి మెసేజి యాప్‌లో వేస్తే దానికి ప్రశ్న తెలియదు.

రిస్కో అంటే గీత, ప్రమాదం రెండూ. రాతి పనిలో నూటికి తొంభై తొమ్మిది సార్లు గీతే, స్వీడిష్‌లో "రేప". పగులైతే "స్ప్రిక". ఇలాంటివి మీ పనిలో ఇంకా ఉన్నాయి. "షాపా" అంటే మీ దగ్గర రాతిపలక, స్వీడిష్‌లో "స్కీవ". యాప్ దాన్ని రేకు అనుకుంటే "ప్లోత్" అని రాస్తుంది. "పోలిదో" అంటే పాలిష్ పట్టినది, మర్యాదస్తుడు కూడా. "వేయో" అన్నది అన్నిటికంటే చెడ్డది. "వచ్చింది" అనీ అర్థమే, రాతిలో చార అనీ అర్థమే. గెలాక్సీ నలుపు గ్రానైట్‌లో తెల్ల చార కనిపిస్తే సరుకు తిప్పి పంపుతారు కాబట్టి ఈ మాట దగ్గర రెండుసార్లు చూడండి. ముందు "ఉమ్" ఉంటే చార, లేకపోతే మామూలుగా "వచ్చింది". హోన్డ్ ఫినిష్‌ని (మెరుపు లేకుండా నున్నగా చేసినది) పోర్చుగల్‌లో "అమాసియాదో" అంటారు, అంటే మెత్తబరచినది. స్వీడిష్‌లో "స్లీపద్".

ఇంకొకటి. చాలామంది అనువాదాన్ని అదే యాప్‌లో వెనక్కి తిప్పి సరిచూసుకుంటారు. దీన్ని నమ్మకండి. రిస్కో పోయి స్వీడిష్‌లో "రిస్క్" అవుతుంది, తిప్పితే మళ్ళీ రిస్కోనే వస్తుంది. చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది. సరిచూడాలంటే తెలుగులోకో ఇంగ్లీషులోకో వేరే యాప్‌తో తీసి, ఫొటోతో పోల్చండి.

వేదాయపాళెం

అన్నా, కందుకూరాయన మాటలు చెప్పినాడు, నేను అంకెలు చెప్తా. డబ్బులు పొయ్యేది అంకెల కాడే.

మనం 1,500 అని కామా పెట్టి రాస్తాం గదా. ఆ రెండు దేశాల్లోనూ కామా అంటే దశాంశం. 1,500 చూస్తే వాళ్ళకి ఒకటిన్నర. 1,50,000 అని లక్ష లెక్కన రాస్తే అసలు అంకెగానే చూడరు. పోర్చుగల్‌లో వెయ్యికి చుక్క పెట్టే అలవాటు ఉండాది, 1.500 అని. స్వీడన్‌లో ఖాళీ వదుల్తారు, 1 500 అని. ఇవేమీ వద్దు, గుర్తుల్లేకుండా 1500 అని రాసెయ్యి. దశాంశం వస్తే మాత్రం కామా పెట్టు, 2,5 అని.

ఇంక "మిల్". పోర్చుగీసులో మిల్ అంటే వెయ్యి. స్వీడిష్‌లో అదే స్పెల్లింగుతో మిల్ అంటే 10 కిలోమీటర్లు. గోడౌను రేవు నుంచి మూడు మిల్ అని స్వీడన్ ఆయన రాస్తే 30 కిలోమీటర్లు, మూడు వేలూ కాదు, మూడు మైళ్ళూ కాదు.

వారాలు చూడు. స్వీడన్ వాళ్ళు డెలివరీకి తరచూ తేదీ కాకుండా వారం నంబరు చెప్తారు. "వీ. 32" అంటే 32వ వారం. 2026లో అది ఆగస్టు 3 సోమవారం నుంచి 9 ఆదివారం దాకా. ఏడాదిలో మొదటి గురువారం పడిన వారమే ఒకటో వారం, వారం సోమవారంతో మొదలవుద్ది. మన గోడ క్యాలెండర్లో ఇది ఉండదు. ఫోన్ క్యాలెండర్ సెట్టింగుల్లో వారం నంబర్లు ఆన్ చేసి, వారం మొదలు సోమవారం అని పెట్టుకో. పోర్చుగల్ ఫోర్‌మన్‌కి 32 అని పంపితే ఏమీ అర్థం కాకపోవచ్చు, తేదీలుగా మార్చి పంపు.

పోర్చుగీసు వారాలు ఇంకో రకం. సోమవారం వాళ్ళకి "సెగుందా", రెండోది. ఆదివారం నుంచి లెక్క. మెసేజీలో 3 పక్కన చిన్న అ పెట్టి రాస్తే మంగళవారం, 5 పెడితే గురువారం. మూడో తారీకు, ఐదో తారీకు అనుకోవద్దు.

"కిన్జె దియాస్" అంటే అక్షరాలా పదిహేను రోజులు. మనం పదిహేను రోజుల్లో వస్తా అంటే రెండు వారాలు అని ఎట్లా అనుకుంటామో వాళ్ళూ అంతే. స్వీడన్ వాళ్ళు దాన్నే 14 రోజులు అంటారు. 15 అని అంకెతో పంపితే స్వీడన్ ఆయన క్యాలెండర్లో ఒక రోజు జరుపుతాడు. అట్లనే పోర్చుగీసులో "ఎనిమిది రోజుల్లో" అంటే సరిగ్గా వారం.

కంటైనర్ నంబరు (నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు), బ్యాంకు ఐబాన్ నంబరు (అక్కడి బ్యాంకు ఖాతా నంబరు) యాప్‌లో వెయ్యొద్దు. వేరే మెసేజిగా కాపీ కొట్టి పంపు. పోర్చుగల్ ఐబాన్ పీటీ50తో మొదలై 25 అక్షరాలు ఉంటది, స్వీడన్‌ది ఎస్ఈతో మొదలై 24. లెక్కపెట్టుకో.

గెలాక్సీ_లోడింగ్, చీమకుర్తి

ఇద్దరికీ థాంక్స్. ఇంకో చిక్కు. చిన్న మెసేజీలకి యాప్ భాషనే తప్పు గుర్తుపడుతోంది. "వి కొమ్మెర్ ను" అని స్వీడన్ నుంచి వస్తే ఒకసారి ఏదో బట్టల్లేకుండా అన్నట్టు తీసింది!

కందుకూరు_నోట్స్

భాష దానంతటదే గుర్తుపట్టే సెట్టింగు ఆపేయండి. రెండు భాషల్లోనూ ఒకే స్పెల్లింగుతో వేరే అర్థాలున్న చిన్న మాటలు చాలా ఉన్నాయి. "ను" స్వీడిష్‌లో ఇప్పుడు, పోర్చుగీసులో నగ్నంగా. "వి" స్వీడిష్‌లో మేము, పోర్చుగీసులో "చూశాను". "సోమ్" స్వీడిష్‌లో "అయిన, లాంటి" అని, పోర్చుగీసులో శబ్దం. "సే" స్వీడిష్‌లో చూడు, పోర్చుగీసులో "ఒకవేళ". పోర్చుగీసు "జా" (ఇప్పటికే, వెంటనే) అన్నదాన్ని పై గీత లేకుండా కొడితే స్వీడిష్ "అవును" అయిపోతుంది. పంపింది ఎవరో మీకు తెలుసు కదా, భాష మీరే ఎంచి పెట్టండి.

గీతలూ చుక్కలూ చిన్నవి కావు. పోర్చుగీసులో "అవో" చివరి ఓ మీద ఏటవాలు గీత ఉంటే అవ్వ, గొడుగు గుర్తు ఉంటే తాత. ఫోర్‌మన్ హడావుడిలో గీత లేకుండా కొడితే ఎవరో తెలియదు. స్వీడిష్‌లో ఎ మీద చిన్న సున్నా, రెండు చుక్కలు, ఓ మీద రెండు చుక్కలు వేరే అక్షరాలే. వాళ్ళ అక్షరమాలలో చివరన ఉంటాయి. తీసేస్తే మాట మారుతుంది. "ఫోర్" (ఎ మీద సున్నాతో) అంటే "చేయవచ్చు, పొందుతాడు, గొర్రె". సున్నా లేకపోతే "ఫార్", తండ్రి.

సింగరాయకొండ

ఇంత తలనొప్పి ఎందుకు అన్నా? స్వీడన్ వాళ్ళకి ఇంగ్లీషు బాగా వచ్చిద్ది. ఆయనకి ఇంగ్లీషులోనే పంపండి. సగం పని తగ్గిద్ది. పోర్చుగల్ వైపు మాత్రం పోర్చుగీసులో.

కందుకూరు_నోట్స్

స్వీడన్ వైపు పంపేదానికి ఇది మంచి సలహానే. అనువాదం ఒక మెట్టు తగ్గుతుంది. కానీ ఆయన రాసేది స్వీడిష్‌లోనే కదా, దాన్ని చదవడం తప్పదు. అక్కడ చిన్న మాటలే మోసం చేస్తాయి. "నోగ్" అంటే చాలినంత అనీ, "బహుశా" అనీ. "దెత్ రెకెర్ నోగ్" అంటే "సరిపోతుందనుకుంటా", ఖాయంగా సరిపోతుందని కాదు. "యు" అంటే సరిగ్గా మన "కదా". "నేను పంపాను యు" అంటే "పంపాను కదా" అని, కొంచెం విసుగు ఉంది అందులో. యాప్ దాన్ని మింగేస్తుంది. "న్యా" అంటే అవునూ కాదూ మధ్యలో, సాధారణంగా కాదు వైపే మొగ్గు. "కష్టం అవచ్చు" అని రాస్తే అది మర్యాదగా చెప్పిన లేదు. "ఇంగెన్ ఫార" అక్షరాలా "ప్రమాదం లేదు", అర్థం "పర్లేదు లెండి". "వి హోర్స్" అక్షరాలా "మనం వినబడతాం", అర్థం "మళ్ళీ మాట్లాడుకుందాం".

స్వీడిష్‌లో "అవును" రెండు రకాలు. "ఇన్వాయిస్ రాలేదా?" అని అడిగితే, వచ్చినప్పుడు "యో" అంటారు, "యా" అనరు. ఇంగ్లీషు మీదుగా పోతే రెండూ "యెస్" అయిపోతాయి, వచ్చిందో లేదో తేలదు. పోర్చుగీసులో మనలాగే క్రియతో జవాబిస్తారు: "రెసెబీ", అందింది. మీరు రెండు వైపులకూ "అందింది", "అందలేదు" అని పూర్తిగా రాయండి.

పొడుగు మాటల గురించి. స్వీడిష్ సమాసాలు తెలుగు సమాసాల్లాగే, చివరిది అసలు మాట. "బెంక్‌స్కీవెకాంతెన్" చూసి భయపడకండి. వెనక నుంచి విడదీయండి: కాంత్ అంచు, స్కీవ పలక, బెంక్ గట్టు. కిచెన్ ప్లాట్‌ఫారం పలక అంచు. యాప్ ఒక పొడుగు మాటను వదిలేసిందనిపిస్తే ముక్కలు చేసి వేసి చూడండి.

ఇక పోర్చుగీసు వైపు తెలుగువాడికి కలిసొచ్చేది ఒకటుంది. వాళ్ళూ మనలాగే కర్తను వదిలేస్తారు. "శేగోఉ" అంటే వచ్చాడు, వచ్చింది, (మర్యాదగా ఒక్కరినే) వచ్చారు ఏదైనా. స్వీడిష్‌లో కర్త లేకుండా వాక్యం నిలబడదు, కాబట్టి యాప్ ఏదో ఒకటి ఊహించి పెడుతుంది. "సేఉ" అన్నది ఇంకా ముదురు: మీ, అతని, ఆమె, తన. "ఓ సేఉ కామియావ్" అంటే మీ లారీనా, వాళ్ళ లారీనా? స్వీడిష్‌లో మన "తన" లాంటిది "సిన్" ఉంది, కానీ ఏది పెట్టాలో మనిషే తేల్చాలి. లారీ కిరాయి ఎవరిదన్న గొడవ ఇక్కడే పుడుతుంది. అడిగి తేల్చుకోండి.

ఒక మెసేజిని చివరిదాకా నడిపి చూపిస్తా. ఫోర్‌మన్ ఇలా రాశాడనుకోండి: "బోఆ తార్దె, కారో అమీగో. అ షాపా 14 వేయో కోమ్ ఉమ్ రిస్కో, మాస్ అ జెంతె కొన్సెగె పోలీర్. శేగా నా 5అ, పోదె సేర్?"

"కారో" అంటే ప్రియమైన అనీ, ఖరీదైన అనీ. స్వీడన్ వైపు "హేయ్" ఒక్కటి చాలు. షాపా పలక. వేయో ముందు ఉమ్ లేదు, కాబట్టి వచ్చింది. రిస్కో గీత. "అ జెంతె" అంటే జనం కాదు, మేము. 5అ గురువారం, తేదీ కలపాలి. శేగాకు కర్త లేదు, పలక అని కలపాలి. చివరిది "మీకు సరేనా?". ముందు తెలుగులోనో ఇంగ్లీషులోనో చిన్న చిన్న వాక్యాలుగా విప్పండి: 14వ పలక మీద ఒక గీత ఉంది. మేం పాలిష్‌తో తీసేయగలం. పలక గురువారం, 2026 ఆగస్టు 6న వస్తుంది. మీకు సరేనా? ఇప్పుడు దీన్ని యాప్‌లో వేస్తే స్వీడిష్ శుభ్రంగా వస్తుంది: "హేయ్! స్కీవ 14 హార్ ఎన్ రేప. వి కన్ పోలేర బోర్త్ దెన్. స్కీవన్ కొమ్మెర్ తోర్స్‌దాగ్ 6 అఉగుస్తి, వీ. 32. గోర్ దెత్ బ్రా?" కింద ఫోర్‌మన్ అసలు మెసేజిని కూడా ఫార్వర్డ్ చేయండి. ఏదైనా తేడా వస్తే అదే ఆధారం.

సింగరాయకొండ

పోర్చుగల్ యార్డులో బ్రెజిల్ వాళ్ళు ఉంటే ఇంకో చిక్కు వచ్చిద్ది, చూసుకోండి. "అపెలీదో" అంటే పోర్చుగల్‌లో ఇంటిపేరు, బ్రెజిల్‌లో ముద్దుపేరు. ఫారంలో ఆ గడి కాడ బ్రెజిల్ మనిషి వేరేది రాస్తాడు. "ప్రోపీనా" పోర్చుగల్‌లో చదువు ఫీజు, బ్రెజిల్‌లో లంచం. "లోగో" అంటే పోర్చుగల్‌లో ఇవాళే తర్వాత, బ్రెజిల్‌లో కాసేపట్లో. కాబట్టి ఎవరు రాశారో చూడాలి. డీప్‌ఎల్ అనే అనువాద యాప్‌లో పోర్చుగల్ రకం, బ్రెజిల్ రకం విడిగా పెట్టుకోవచ్చు, గూగుల్‌లో కూడా 2024 నుంచి పోర్చుగల్ పోర్చుగీసు విడిగా ఉంది. పొట్టి రాతలు: "వీసీ" అంటే మీరు, "పీక్యూ" అంటే ఎందుకు లేదా ఎందుకంటే, "టీబీ" అంటే రోగం కాదు, "కూడా". స్వీడన్ వైపు "ఎంవీహెచ్" అంటే ఉత్తరం చివర మర్యాద మాట. పొట్టి మాటల్ని విప్పి రాసిన తర్వాతే యాప్‌లో వేయండి.

మన ఊరి పేరు కూడా చూసుకోండి. నెల్లూరును ఒక్క ఎల్‌తో కొడితే పోర్చుగీసులో అది "నెలోరె" అయిద్ది, అంటే బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువులకు ఉన్న పేరు. అడ్రసులో రెండు ఎల్‌లు ఉండాలి, లేకపోతే స్వీడన్‌కి ఆవుల మంద నుంచి ఇన్వాయిస్ పోద్ది.

గెలాక్సీ_లోడింగ్, చీమకుర్తి

నవ్వు ఆగలేదన్నా. ఇంకో రెండు అడుగుతా. స్వీడన్ ఆయన వాళ్ళ "మోర్‌మోర్" పోయిందని, రెండు రోజులు రానని పెట్టాడు. పోర్చుగల్‌కి ఏమని పంపాలి, ఆయనకి ఏమని జవాబివ్వాలి? ఇంకోటి, ఫోర్‌మన్ ప్రతి మెసేజి చివరా "ఉమ్ అబ్రాసో" అంటాడు, కౌగిలింత అట. స్వీడన్ ఆయనకి అదే పంపాలా? ఈయన "మీరు" అంటున్నాడా, "నువ్వు" అంటున్నాడా అన్నది కూడా తెలియట్లేదు.

కందుకూరు_నోట్స్

మోర్‌మోర్ అంటే అమ్మ అమ్మ, అమ్మమ్మ. నాయనమ్మ అయితే ఫార్‌మోర్. మేనమామ, బాబాయి కూడా వాళ్ళకి వేరు వేరు మాటలే, మోర్‌బ్రోర్, ఫార్‌బ్రోర్. పోర్చుగీసులో రెండు వైపులా "అవో", "తియో" ఒకటే. కాబట్టి పోర్చుగీసు నుంచి స్వీడిష్‌కి వచ్చేటప్పుడే కష్టం, ఎవరి వైపో అడగాలి. స్వీడిష్ నుంచి పోర్చుగీసుకి సులువు: పోర్చుగీసులో "అవో" అని, అవ్వ గీతతో పెట్టండి చాలు. స్వీడన్ ఆయనకి "బెక్‌లాగర్ సోర్యెన్" అని రాయండి. ఒట్టి "బెక్‌లాగర్" రాస్తే "విచారిస్తున్నాం, కుదరదు" అన్నట్టు ఆఫీసు మాటలా ఉంటుంది. ఫోర్‌మన్ సంతాపంగా "ఓస్ మేఉస్ సెంతిమెంతోస్" అని పంపితే దానికి కూడా స్వీడిష్‌లో ఇదే.

మీరు, నువ్వు: స్వీడన్‌లో 1960ల చివర నుంచి అందరికీ "దు" ఒక్కటే అయింది, పై అధికారికీ అదే. "ని" అని రాస్తే కొంతమందికి దూరం పెట్టినట్టు ఉంటుంది. పోర్చుగల్‌లో మాత్రం తు, వోసె, ఓ సెన్యోర్ అని మెట్లున్నాయి. స్వీడన్ ఆయన దు అన్నంత మాత్రాన ఫోర్‌మన్‌కి తు పంపితే మొహం మీద నువ్వు అన్నట్టే. ఓ సెన్యోర్ వాడండి, లేదా ఎవరినీ అనకుండా క్రియతో నడిపించండి. "బోఆ నోయితె" సాయంత్రం ఏడింటికి పలకరింపుగా వస్తే "గోద్ క్వెల్" అని రాయండి. "గోద్ నత్" అంటే పడుకోబోతున్నట్టు.

అబ్రాసో పంపకండి. స్వీడిష్‌లో కౌగిలింత "క్రామ్", దగ్గరి స్నేహితులకి రాసేది. "హెల్స్‌నింగార్" పెట్టండి. స్వీడన్ ఆయన చివర ఏమీ లేకుండా "ఓకే. తక్." అని వదిలేస్తే ఫోర్‌మన్‌కి కోపం వచ్చిందేమో అనిపిస్తుంది. పోర్చుగీసులో పంపేటప్పుడు మొదట "బోమ్ దియా", చివర "కుంప్రిమెంతోస్" మీరే కలపండి.